గోలీ ‘తర్వాత’నా, గోలీ ‘వల్ల’నా: మందుల భద్రత కొలువుకు పోయే ముందు

మందుల భద్రత చూసే మా పనిలో కొత్తగా చేరే పిల్లలకు మొదటి రోజు నేను కంప్యూటర్ తెరవనివ్వను. ఒక కాగితం చేతిలో పెడతాను. దాని మీద ఒక అవ్వ మాటలుంటాయి. అవ్వ నిజం మనిషి కాదు, శిక్షణ కోసం నేను కల్పించుకున్నది. ఊరు మాత్రం మా నల్లగొండ జిల్లాలో మర్రిగూడ వైపని పెట్టుకున్నాను. మాట కూడా ఆ వైపుదే.

“పెత్రామాస తెల్లారి సంది మోకాళ్ల నొప్పులకు గోలీలేసుకున్న. ఆరెంపీ ఇచ్చిండు, పొద్దుకొకటి, మాపుకొకటి. ఒళ్లంత వేడి చేసింది. సద్దుల నాడు నల్లగ విరేచనమైంది. దసరా నాడు కండ్లు తిరిగి వాకిట్ల పడ్డ. నల్లగొండ తీస్కపోయిండ్రు. పొట్టల పైపేసి చూసి పుండయిందన్నరు. రెండు బాటిళ్ల రక్తమెక్కిచ్చిండ్రు, నాలుగొద్దులున్న. బీపీ గోలీ రోజేసుకుంట, గుండెకు చిన్న గోలీ గూడ. ఆ నొప్పుల గోలీ ఏసుకుంటెనే ఇదంత అయింది బిడ్డా.”

దీన్ని చదివి ఐదారు వాక్యాల్లో రాయమంటాను. బీఫార్మసీ, ఫార్మ్‌డీ, నర్సింగ్, ఏది చదివి వచ్చినా దాదాపు అందరూ ఒకే తీరుగా మొదలుపెడతారు: ‘నొప్పి మాత్ర వల్ల పొట్టలో పుండు పడి రక్తస్రావమైంది.’ ఆ ‘వల్ల’ దగ్గర ఎర్ర పెన్నుతో సున్నా చుడతాను. నిజంగానే ఆ గోలీ వల్లే అయి ఉండవచ్చు. కానీ మనకు చేరినదాంట్లో గట్టిగా తెలిసింది ‘తర్వాత’ ఒక్కటే. ‘వల్ల’ అన్నది అవ్వ అభిప్రాయం. దానికీ విలువ ఉంది, రాసుకునే గడి కూడా వేరేగా ఉంది. ఆ గడిలో రాయాలి, కథలో కలపకూడదు.

మన భాషలోనే ఇక్కడో చిక్కుంది. ‘గోలీ వేసుకుంటే వాంతులైనయ్’ అంటాం. ఆ ‘వేసుకుంటే’లో కాలం, కారణం రెండూ కలిసిపోయి ఉంటాయి. చెప్పేవాళ్లు వాటిని విడదీసి చెప్పరు, విడదీయాల్సింది వినేవాళ్లే. మందుల భద్రత పర్యవేక్షణ, అంటే ఫార్మకోవిజిలెన్స్, ఆఫీసుల్లో పొట్టిగా పీవీ అనే ఈ పనిలో మొదటి నైపుణ్యం ఏమిటని ఎవరడిగినా నేను సాఫ్ట్‌వేర్ పేరు చెప్పను. ఆ ‘తే’ను రెండుగా చీల్చడం వచ్చా అని అడుగుతాను.

పాలమూరు, నల్లగొండ వైపు పిల్లలకు మందుల కంపెనీ అంటే జడ్చర్ల దగ్గరి పోలేపల్లి సెజ్, లేకుంటే చౌటుప్పల్ దారిలో కనబడే ఫ్యాక్టరీలు. ఫార్మసీ చదివితే ప్రొడక్షన్, క్వాలిటీ కంట్రోల్, అదీ కాకుంటే మెడికల్ షాపు. పీవీ ఇవేవీ కాదు. మందు తయారై, షాపుకొచ్చి, మనిషి మింగిన తర్వాత మొదలయ్యే పని. పని అంతా హైదరాబాద్‌లో, కుర్చీలో కూర్చొని చేసేదే. ప్రపంచంలో ఎక్కడో ఒకరికి ఒక మందు పడలేదని కబురొస్తుంది. దాన్ని ఒక కేసుగా నమోదు చేసి, లోటు సమాచారం అడిగి తెప్పించి, గడువులోపల ప్రభుత్వ సంస్థలకు పంపాలి. అలాంటి కేసులు కుప్పపడ్డాక వాటిలో కొత్త ప్రమాదం ఏదైనా తలెత్తుతోందా అని పెద్దవాళ్లు చూస్తారు. దాన్ని సిగ్నల్ అంటారు. కొత్తవాళ్ల చేతికి వచ్చేది మొదటి ముక్క, కేసు ప్రాసెసింగ్.

అసలు మందును పరీక్షించే కదా అమ్ముతారు, మళ్లీ ఈ కాపలా ఎందుకు? లెక్క చూడండి. అనుమతికి ముందు ట్రయల్స్‌లో ఒక మందును సాధారణంగా కొన్ని వందల నుంచి కొన్ని వేల మంది మీద చూస్తారు. 10,000 మందిలో ఒకరికి వచ్చే హాని కనీసం ఒక్కసారైనా కంటపడుతుందని 95 శాతం నమ్మకంతో చెప్పాలంటే దాదాపు 30,000 మందిని చూడాలి. అంతమందిని ముందే చూడటం కుదరదు. పైగా ట్రయల్స్‌లోకి మా అవ్వలాంటివాళ్లు అరుదు. బీపీ, గుండె గోలీ, ముసలితనం, సగం తిండి అన్నీ కలిసిన మనిషి దొరికేది బయటి లోకంలోనే.

ఈ పాఠం నేర్పింది థాలిడోమైడ్. 1957లో పశ్చిమ జర్మనీలో నిద్రమాత్రగా వచ్చి, గర్భిణుల వికారానికి కూడా వాడుకలో పడి, 1961 చివర్లో అక్కడి మార్కెట్ నుంచి పోయింది. ఆ మందు వల్ల చాలా దేశాల్లో కలిపి పది వేలకు పైగా పిల్లలు కాళ్లూ చేతులూ సరిగా ఏర్పడకుండా పుట్టారు. ఆ దెబ్బ తర్వాతే ప్రపంచ ఆరోగ్య సంస్థ 1968లో దేశాల నుంచి ఇలాంటి రిపోర్టులు పోగుచేసే కార్యక్రమం మొదలుపెట్టింది. ఇప్పుడు ఆ డేటాబేస్ స్వీడన్‌లోని ఉప్సలా కేంద్రంలో నడుస్తోంది. మన దేశ కార్యక్రమం 2010లో ఢిల్లీ ఎయిమ్స్‌లో మొదలై, 2011లో ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్‌కు మారింది.

పాత మందులతో ఏం కాదులే అనుకోవద్దు. నెలసరి నొప్పికి మన ఇళ్లలో ఆడపిల్లలు వేసుకునే మెఫెనమిక్ యాసిడ్ దశాబ్దాల నాటి మందు. దాని మీద మన దేశ కార్యక్రమం హెచ్చరిక ఇచ్చింది 2023 నవంబర్‌లో. డ్రెస్ సిండ్రోమ్ అనే అలెర్జీ గురించి అది. ఒంటి మీద దద్దుర్లు, జ్వరం, లోపల కాలేయం లాంటి అవయవాల మీద దెబ్బ, ఇవన్నీ కలిసి వస్తాయి. ఇది గోలీ వేసుకున్న గంటలో రాదు, మామూలుగా రెండు నుంచి ఎనిమిది వారాల తర్వాత వస్తుంది. సూది ఇచ్చిన నిమిషాల్లో మనిషి పడిపోయే అనాఫిలాక్సిస్ దీనికి పూర్తిగా వేరు. ఫార్మకాలజీ ఎంత రావాలని అడిగేవాళ్లకు నా జవాబు ఇదే: ఏ మందుకు ఏ హాని ఎన్నాళ్లకు రావచ్చో ఊహించగలిగేంత రావాలి. పుస్తకంలోని ప్రతి రసాయన నిర్మాణం గీయక్కర్లేదు.

ఇక అవ్వ కాగితం దగ్గరికి వద్దాం.

ఒక కబురు కేసు కావాలంటే నాలుగుండాలి: మందు వాడిన మనిషి ఒకరు, చెప్పినవాళ్లు ఒకరు, అనుమానం పడ్డ మందు, జరిగిన హాని. పేరూ ఊరూ అక్కర్లేదు. ‘62 ఏళ్ల ఆడమనిషి’ అన్నా మనిషి ఉన్నట్టే. అవ్వ విషయంలో మూడు దొరికాయి. మందు దగ్గర ఆగిపోతాం, ఎందుకంటే ‘నొప్పుల గోలీ’ అన్నది మందు పేరు కాదు. మనుమడు పోయి ఇంట్లో స్ట్రిప్ వెతికి తెచ్చాడు, డైక్లోఫెనాక్ అని తేలింది అనుకుందాం. పేరు దొరికింది కానీ బ్యాచ్ నంబర్ దొరకలేదు. మన దగ్గర షీటు మొత్తం ఎవరు కొంటారు? నాలుగు గోలీలు కావాలంటే షాపాయన కత్తెరతో కత్తిరించి ఇస్తాడు. బ్యాచ్ నంబర్, గడువు తేదీ అచ్చయిన అంచు షాపు డబ్బాలోనే ఉండిపోతుంది. ఇలాంటప్పుడు గడి ఖాళీగా వదిలి, ‘అడిగాం, దొరకలేదు’ అని రాయాలి. ఖాళీ గడిని చూసి భయపడి ఏదో ఒకటి నింపేవాళ్లకు ఈ ఉద్యోగం పనికిరాదు. కటువుగా ఉన్నా ఇది నా అనుభవం.

తర్వాత హాని ఏది, జబ్బు ఏది అని విడదీయాలి. మోకాళ్ల నొప్పి హాని కాదు, గోలీ వేసుకోవడానికి కారణం. తెలిసిన విషయమే అనిపిస్తుంది గాని, కొత్తవాళ్లు దాన్ని కూడా హానుల జాబితాలో పడేస్తారు. ఆ నొప్పి వెనక ఏముందో అడగడం మరో మెట్టు. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి కీళ్లు బిగుసుకుపోయిన ముసలివాళ్లు ఎంతమందో మనకు కొత్తగా చెప్పక్కర్లేదు. అది ఆమె పాత ఆరోగ్య చరిత్రలో రావాల్సిన సంగతి. పాలమూరు వైపు కేసైతే నేను ఇంకో ప్రశ్న పెట్టుకుంటాను: కల్లు తాగుతారా? కల్తీ కల్లులో ఆల్ప్రజోలం, క్లోరల్ హైడ్రేట్ కలిపి పట్టుబడ్డ సంగతులు ఈ జిల్లాలకు కొత్త కాదు. రోజూ దానికి అలవాటుపడ్డ మనిషి ఒక్కసారిగా మానేస్తే చేతులు వణుకుతాయి, ఫిట్స్ కూడా రావచ్చు. అదే వారంలో కొత్తగా ఏదో గోలీ మొదలుపెట్టి ఉంటే నింద గోలీ మీద పడుతుంది. హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన నా జోడీదార్లకు ఈ ప్రశ్న తట్టదు. మన పిల్లలకు తట్టాలి.

‘వేడి చేసింది’ని ఏం చేయాలి? హానుల పేర్లను ప్రపంచమంతా ఒకే తీరుగా రాయడానికి మెడ్రా అనే పదకోశం ఉంది. ఐదు అంతస్తులు, పైన 27 అవయవ వర్గాలు, కింద ఎనభై వేలకు పైగా పదాలు, ఏటా మార్చిలో, సెప్టెంబర్‌లో కొత్త కూర్పు. అంత పెద్ద పదకోశంలోనూ మన ‘వేడి చేయడం’ లేదు. మనకేమో ఆ ఒక్క మాటలో మూత్రంలో మంట, నోట్లో పొక్కులు, కళ్ల మంట, జ్వరం, విరేచనాలు, ఏవైనా ఉండొచ్చు. కొత్తవాళ్లు ‘జ్వరం’ అని రాసి ముందుకు పోతారు. అవ్వ జ్వరం అనలేదు. చెప్పిన మాట చెప్పినట్టే పెట్టి, వేడి చేసిందంటే ఏమైంది అవ్వా అని మళ్లీ అడగాలి. ‘నల్లగ విరేచనం’తో కూడా ఇదే తంటా. మలం రంగు మారడం ఒక పదం. రక్తం పడి తారులా నల్లగా, జిగటగా, దుర్వాసనతో పోవడం, అంటే మెలీనా, ఇంకో పదం. మొదటిది చిన్న సంగతి, రెండోది ప్రాణం మీదికి తెచ్చేది. ఐరన్ గోలీలు వేసుకున్నా మలం నల్లబడుతుంది.

నా సొంత ఘనకార్యం ఒకటి చెప్పాలి. చేరిన మొదటి నెలలో ఒకాయన ఫోన్ సంభాషణ నా చేతికొచ్చింది. గోలీ వేసుకున్నాక ‘పాణం పోయినంత పనైంది’ అన్నాడాయన. నేను నిష్ఠగా ‘ప్రాణాపాయం’ అనే గడిలో టిక్ పెట్టాను. పైన చూసే డాక్టరమ్మ పిలిచి, “ఏం జరిగింది ఈయనకు?” అని అడిగింది. రెండు వాంతులు. అంతే. ఆ రోజు నుంచి మా జట్టులో నన్ను చాలాకాలం ‘ప్రాణాపాయం’ అనే పిలిచారు.

ఆ గడి దగ్గరే మన భాషలో ఇంకో గోతి ఉంది. పీవీలో సీరియస్ వేరు, సివియర్ వేరు. తెలుగులో రెండింటికీ ‘తీవ్రం’ అనేస్తాం, ఊళ్లో ‘సీరియస్‌గుంది’ అంటే మనిషి చివరి ఘడియల్లో ఉన్నాడని అర్థం. ఇక్కడ సివియర్ అంటే బాధ ఎంత గట్టిగా ఉందన్న లెక్క. సీరియస్ అంటే పర్యవసానం ఏమిటన్న లెక్క: చావు, ప్రాణాపాయం, ఆసుపత్రిలో చేరడం లేదా అక్కడ ఉండాల్సిన రోజులు పెరగడం, వైకల్యం, పుట్టే బిడ్డలో లోపం, వీటిలోకి రాకున్నా వైద్యపరంగా ముఖ్యమైనది. వీటిలో ఒక్కటున్నా సీరియస్. తల పగిలిపోయేంత నొప్పి వచ్చి సాయంత్రానికి తగ్గితే అది సివియర్, సీరియస్ కాదు. ఓ మోస్తరు జ్వరమే అయినా దవాఖానలో చేర్చుకుంటే సీరియస్. మా అవ్వ నాలుగొద్దులు వార్డులో ఉంది కనుక ఇక్కడ తర్జనభర్జన లేదు.

సీరియస్ అని తేలితే గడియారం మొదలైనట్టే. యూరప్‌లో సీరియస్ కేసు ఏదైనా 15 రోజుల్లో చేరాలి. అమెరికాలో సీరియస్ అయి, మందు లేబుల్‌లో లేని హాని అయితే 15 రోజులు. ట్రయల్స్‌లో అనుకోని రీతిలో చావు, ప్రాణాపాయం వస్తే 7 రోజులే. ఇవన్నీ క్యాలెండర్ రోజులు. పండుగ, ఆదివారం అన్న మినహాయింపు లేదు. లెక్క ఎక్కడ మొదలు? మనుమడు 2024 అక్టోబర్ 19, శనివారం నాడు మెడికల్ షాపులో ఆ కంపెనీ రెప్రజెంటేటివ్ కనబడితే స్ట్రిప్ చూపించి సంగతంతా చెప్పాడనుకోండి. ఆయన సోమవారం మెయిల్ పెట్టాడు. డే జీరో, అంటే లెక్క మొదలయ్యే రోజు, సోమవారం కాదు, శనివారం. కంపెనీ మనిషి చెవిన పడ్డ రోజే కంపెనీకి తెలిసిన రోజు. 15 రోజుల గడువు నవంబర్ 3తో తీరుతుంది. ఆ రోజు ఆదివారం, మధ్యలో దీపావళి. ఇంటర్వ్యూలో దీన్ని రకరకాలుగా తిప్పి అడుగుతారు, జవాబు మాత్రం మారదు.

తేదీల మాట వచ్చింది కాబట్టి, అవ్వ ఒక్క తారీఖు కూడా చెప్పలేదు చూడండి. అయినా ఆమె మాటలో తేదీలున్నాయి. 2024లో పెత్రామాస అక్టోబర్ 2న వచ్చింది, తెల్లారి అంటే అక్టోబర్ 3. దసరా అక్టోబర్ 12. సద్దుల బతుకమ్మ అక్టోబర్ 10. ఇక్కడ కాస్త ఆగాలి, కొన్ని ఊళ్లలో ఏడో నాడే సద్దులు ఆడతారు. మీ ఊళ్లో ఎప్పుడాడిండ్రు అని అడగాలి. అడిగి రూఢి చేసుకుంటే గోలీ మొదలుపెట్టిన ఏడు రోజులకు నల్ల విరేచనం అని రాయొచ్చు. అదే ఎవరైనా ‘పండుగకు ముందు’ అంటే మాత్రం నెల, సంవత్సరం రాసి తేదీ వదిలేయాలి. తెలియని తేదీకి ఒకటో తారీఖు వేసేవాళ్లుంటారు. ఆ ఒకటో తారీఖు వల్ల మందు కంటే ముందే హాని వచ్చినట్టు లెక్క తేలి కేసు మొత్తం తలకిందులవుతుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న: గోలీకీ పుండుకూ ముడి ఎంత గట్టిది? దీనికి రకరకాల కొలమానాలున్నాయి. 1981లో వచ్చిన నరంజో స్కేలు పది ప్రశ్నలది. అవ్వకు వేసి చూద్దాం. ఈ మందుతో ఈ హాని ఇంతకుముందు ఖాయంగా తెలిసిందేనా? అవును, డైక్లోఫెనాక్ జాతి నొప్పి మందులకు పొట్టలో పుండు పాత చుట్టమే, 1 మార్కు. మందు తర్వాతే హాని వచ్చిందా? అవును, 2. మందు ఆపితే తగ్గిందా? తగ్గింది, 1. పుండును ఎండోస్కోపీలో కళ్లారా చూశారు, 1. మళ్లీ మందు ఇచ్చి చూడలేదు, రక్తంలో మందు మోతాదు కొలవలేదు, మిగతావి తెలియవు, వాటికి సున్నాలు. ఇప్పటికి మొత్తం 5.

మిగిలింది ఒకే ఒక్క ప్రశ్న: హానికి వేరే కారణం ఏదైనా ఉండొచ్చా? లేదు అంటే 2 కలుస్తాయి, మొత్తం 7. తెలియదు అంటే సున్నా, 5 దగ్గరే ఉంటుంది. 5 నుంచి 8 దాకా ‘బహుశా ఈ మందే’ అనే తరగతి. ఉంది అంటే 1 తగ్గి 4 అవుతుంది, అప్పుడు తరగతి కిందికి జారి ‘అయితే కావచ్చు’ అవుతుంది. అవ్వ చెప్పిన ‘గుండెకు చిన్న గోలీ’ ఆస్పిరిన్ 75 మిల్లీగ్రాములని తేలితే జవాబు ‘ఉంది’. ఆస్పిరిన్ కూడా పొట్టలో రక్తస్రావం తేగలదు, రెండూ కలిస్తే ముప్పు ఇంకా ఎక్కువ. కాబట్టి ఆస్పిరిన్‌ను ‘తోడుగా వాడిన మందు’ అని పక్కకు నెట్టకుండా దాన్ని కూడా అనుమానితుల వరుసలో నిలబెట్టాలి.

ఈ లెక్కలో నన్ను ఇప్పటికీ ఆపే సంగతి ఒకటుంది. చిన్న గోలీ సంగతి అడగకుండా ‘తెలియదు’ అని వదిలేస్తే డైక్లోఫెనాక్ మీద నేరం గట్టిగా కనబడుతుంది. అడిగితే పలచబడుతుంది. ఒక ఫోన్ కాల్ బద్ధకం ఒక మందు జాతకం మార్చేస్తుంది. ఇంకో మెలిక: మందు ఆపితే తగ్గిందని ఒక మార్కు వేశాం గదా, దవాఖానలో ఆసిడ్ తగ్గించే సూదులు కూడా ఇచ్చి ఉంటారు. తగ్గింది మందు ఆపినందుకా, సూదులకా? స్కేలు దీన్ని అంత సూక్ష్మంగా పట్టదు. అందుకే మార్కులేసే యంత్రంగా కాకుండా, ఏ ప్రశ్న అడగడం మరిచామో గుర్తుచేసే చిట్టాగా దాన్ని వాడుకోమంటాను.

ఇంగ్లీషు సంగతి. తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లలు దీనికే ఎక్కువ భయపడతారు. నేనూ దేవరకొండ వైపు సర్కారు బళ్లో చదివినవాణ్ణే. కేసు కథనం ఇంగ్లీషులోనే రాయాలి, అది తప్పదు. అయితే అది సొగసైన ఇంగ్లీషు కాదు. అంతా భూతకాలం, చిన్న వాక్యాలు, జరిగిన వరుస. ఫలానా వయసు మనిషి, ఫలానా జబ్బుకు, ఫలానా తేదీ నుంచి ఫలానా మందు వాడారు, ఇన్ని రోజులకు ఇది జరిగింది, ఈ పరీక్ష చేశారు, ఈ చికిత్స ఇచ్చారు, మందు ఆపారు, ఫలితం ఇది, చెప్పినవాళ్ల అభిప్రాయం ఇది. రోజుకు ఒకటి చొప్పున ఇంట్లోవాళ్ల జబ్బుల కథలు ఈ అచ్చులో రాస్తూ పోతే రెండు నెలల్లో చేయి తిరుగుతుంది. కాన్వెంట్ ఇంగ్లీషు ధారాళంగా మాట్లాడేవాళ్లు కొందరు ఇక్కడే బోల్తా పడటం చూశాను. విశేషణాలు మానలేరు, ‘దురదృష్టవశాత్తూ’ అని రాయకుండా ఉండలేరు.

ల్యాబ్ రిపోర్టు చదవడం రావాలి. హిమోగ్లోబిన్, క్రియాటినిన్, కాలేయ ఎంజైములు, ప్లేట్‌లెట్లు, వీటి మామూలు హద్దులు, కొలత యూనిట్లు నోటికి రావాలి. ఎక్సెల్, టైపింగ్, మర్యాదగా ఒక మెయిల్ రాయడం రావాలి. కంపెనీలు వాడే డేటాబేస్ సాఫ్ట్‌వేర్లు చేరిన తర్వాత ఎలాగూ నేర్పుతారు. అందుకే అమీర్‌పేటలో ఆ సాఫ్ట్‌వేర్ పేరు బోర్డు మీద రాసి వేలకు వేలు గుంజే కోర్సులంటే నాకు గిట్టదు. కోర్సులన్నీ మోసమనను, కొన్నిచోట్ల బాగానే చెబుతారు. కానీ డబ్బు కడితే కొలువు ఖాయం అనే మాట వినబడిందా, చెప్పులేసుకుని బయటికి రండి. ఫారాల నుంచి పేర్లు, తేదీలు ఏరి గడుల్లో నింపే పని ఇప్పుడు యంత్రాలకు అప్పగిస్తున్నారు. గడులు నింపడమే పని అనుకొని వచ్చేవాళ్లకు చోటు ముందుముందు ఇంకా తగ్గుతుంది.

పైసా ఖర్చు లేకుండా మొదలుపెట్టే దారులున్నాయి. ఉప్సలా కేంద్రం ఉచితంగా చిన్న ఆన్‌లైన్ పాఠాలు ఇస్తుంది. ఘజియాబాద్ కమిషన్ కూడా శిక్షణలు నడుపుతుంది. అంతకంటే దగ్గరిది ఇంకోటుంది. మన వైపు జిల్లాల్లోనూ ఇప్పుడు సర్కారు మెడికల్ కాలేజీలు వచ్చాయి. మహబూబ్‌నగర్, నల్లగొండ, సూర్యాపేట, నాగర్‌కర్నూల్, వనపర్తి, బీబీనగర్ ఎయిమ్స్ సరేసరి. మీకు దగ్గరున్న కాలేజీలో ఫార్మకాలజీ విభాగానికి పోయి, మందుల దుష్ప్రభావాల పర్యవేక్షణ కేంద్రం ఉందా, చూడనిస్తారా అని అడగండి. ఫార్మ్‌డీ పిల్లలైతే వార్డు డ్యూటీలో ఉన్నప్పుడే ఒక రిపోర్టు రాయొచ్చు. మామూలు జనం నింపే ఫారం తెలుగులో కూడా ఉంది. 1800-180-3024 నంబర్‌కు ఫోన్ చేసి చెప్పినా తీసుకుంటారు. ఇంటర్వ్యూలో ‘నేనొక రిపోర్టు పంపాను, దాంట్లో ఈ గడి దగ్గర చిక్కుపడ్డాను’ అని చెప్పే పిల్లాడు దొరికితే నేను సర్టిఫికెట్లు తిరగేయను.

గోప్యత గురించి రెండు ముక్కలు. ఫారంలో పేరుకు బదులు పొడి అక్షరాలే రాస్తాం. కానీ ఊరు, కులవృత్తి, ‘సర్పంచ్ గారి చిన్న కోడలు’ అనే ఆనవాలు కథనంలో జొరబడితే పొడి అక్షరాలతో లాభం లేదు. మన ఊళ్లలో అంత చాలు మనిషిని పట్టుకోవడానికి.

ఇక ఫోన్ చేయడం. దీన్ని ఏ కోర్సులోనూ సరిగా చెప్పరు. పాలమూరు వైపు కేసులో మొదటి ఫోన్ కలిసిన మనిషి రెండో ఫోన్‌కు దొరక్కపోవచ్చు. పనికి పుణెకో ముంబయికో పోయి ఉంటాడు, నంబర్ మారి ఉంటుంది. అందుకే మొదటి మాటల్లోనే ఇంకో నంబర్ అడిగి పెట్టుకోవాలి, ఆశా కార్యకర్తదైనా సరే, షాపాయనదైనా సరే. మూడు ప్రశ్నలకు మించి ఒక్కసారి అడగొద్దు. ‘ఔనా, కాదా’ అని ముగిసే ప్రశ్నలతో మొదలుపెట్టొద్దు. పెద్దవాళ్లు మర్యాదకు ఔనంటారు.

కాగితం మీది అవ్వకు కూడా శిక్షణ చివర ఒక ఫోన్ ఉంటుంది. అవ్వ గొంతు నాదే. పిల్లలు ఒక్కొక్కరే ఆస్పిరిన్ గురించి, సద్దుల తేదీ గురించి అడుగుతారు. చెబుతాను. ఇంక అయిపోయిందని పెట్టెయ్యబోతుంటే ఎవరో ఒకరికి తడుతుంది: “అవ్వా, ఆ రోజుల్ల ఇంక వేరే గోలీలేమన్న ఏసుకున్నవా? రక్తానికి, బలానికి?”

“ఎర్ర గోలీలా? అవి మా కోడలియి బిడ్డా, ఆశామె ఇచ్చింది. రక్తం పడ్తదంటే నేను గూడ నాలుగు మింగిన.”

“ఎప్పుడు?”

“బతుకమ్మ పేర్చినప్పుడే.”

పుండు పుండే, ఎక్కించిన రక్తం రక్తమే, అవి మారవు. కానీ సద్దుల నాటి నలుపు పుండుదా, ఎర్ర ఐరన్ గోలీదా? రక్తస్రావం మొదలైన తేదీ దగ్గర రాసిన అక్టోబర్ 10ని కొట్టేసి, ఏ ఏ రోజుల్లో మింగిందో, ఆ విరేచనం తారులా జిగటగా ఉందో లేదో అడగడానికి మళ్లీ ఫోన్ కలపాలి.